చేతులు కదలని ఉపన్యాసం

అక్క గురించి రాయడం మొదలుపెడితే శేషగిరిగారి కలానికి పగ్గాలుండవు. లోకకోశంలో హైమవతి పేరు మీద ఆయన పెట్టిన వ్యాసం "బధిరుల పాలిట దేవత" అని మొదలై, "ఆమె చేతి గోంగూర పచ్చడి తిననివారు అభాగ్యులు" దగ్గర ముగిసింది. తెల్లారేసరికి ఎవరో దాన్ని తీసేశారు. సొంతవాళ్ళ గురించి సొంతవాళ్ళు రాయకూడదని కింద ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నారు. ఆయన ఊరుకునే మనిషా? బావమరిది పేరుతో మళ్ళీ పెట్టారు. గోంగూర పచ్చడి తీసేసి చేపల పులుసు చేర్చడం తప్ప పెద్దగా మార్చిందేమీ లేదు. అదీ పోయింది.

లోకకోశం అందరూ రాసి అందరూ చదువుకునే విజ్ఞాన సర్వస్వం. పెద్దపెద్దవాళ్ళ గురించి రాయడానికి అక్కడ జనం ఎగబడతారు. ఒంగోలు బధిరుల బడిలో జీవితమంతా పాఠాలు చెప్పిన హైమవతి లాంటివాళ్ళ గురించి ఎవరు పనిగట్టుకుని కూర్చుంటారు? ఇంట్లోవాళ్ళే కూర్చోవాలి. ఇంట్లోవాళ్ళు కూర్చుంటే గోంగూర పచ్చడి వస్తుంది. ఈ చిక్కు విప్పడానికే శేషగిరిగారి కూతురు శర్వాణి పనిచేసే ప్రయోగశాల పుట్టింది.

ప్రయోగశాల అంటే ఒంగోలు కర్నూలు రోడ్డులో టైర్ల దుకాణం మీద రెండు గదులు. శర్వాణి, యూసుఫ్ అనే ఇంజనీరు కలిసి అక్కడ ఒక పట్టీ తయారుచేశారు. తామరాకు అని దానికి పేరు పెట్టారు. చెవి వెనక పెట్టుకుని ఎవరి ఫొటో చూస్తే, వాళ్ళ మీద మనకెంత మమకారం ఉందో తెర మీద ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎర్రగీత దాటిందంటే లోకకోశం ఆ మనిషి గురించి మనల్ని అక్షరం కూడా రాయనివ్వదు. అప్పుడు పట్టీకున్న మీట నొక్కాలి. జ్ఞాపకాలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ ఒక్క మనిషి మీద ప్రేమ మాత్రం గంటసేపు నిద్రపోతుంది.

మొదట్లో దీన్ని వాడినవాళ్ళలో కందుకూరాయన ఒకడు. తల్లి బుర్రకథలు చెప్పిన మనిషి. ఆయన చక్కగా రాశాడు, తల్లి పాడిన తప్పుడు రాగాలతో సహా. రాస్తుండగా ఆ తల్లే ఫోన్ చేసింది. ఆయన ఎత్తి, మర్యాదగా, "చెప్పండి" అన్నాడు. గంట తర్వాత బస్సెక్కి ఏడుస్తూ ఇంటికి పరిగెత్తాడు కానీ ఆవిడకి ఆ మాట ఇప్పటికీ మింగుడుపడలేదట. నా కొడుకు నన్ను చెప్పండీ అన్నాడని కనపడ్డవాళ్ళందరితో చెప్పుకుంటోందట. ఆ కబురు విన్నాక శర్వాణికి రెండు రోజులు అన్నం సయించలేదు. పట్టీ ఉండగా ఆ మనిషిని కలవకూడదు, ఫోన్ ఎత్తకూడదు అని పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించింది.

ఇంతలో హైమత్తకి ఎనభై నిండబోతున్నాయి. ఆ రోజుకి వ్యాసం ఉండి తీరాలని శేషగిరిగారు కూతురి ప్రాణం తీయడం మొదలుపెట్టారు.

నిజానికి ఆయన పోరు లేకపోయినా శర్వాణి రాసేదే. తల్లి ఆసుపత్రిలో నర్సు కావడంతో ఆమె పెరిగిందంతా అత్త దగ్గరే, లాయర్‌పేట ఇంట్లో. అక్షరాలకంటే ముందు సంజ్ఞలే వచ్చాయి. హైమత్త చేతులు ఊరికే ఉండేవి కావు. ఫోన్లో మాట్లాడినా, కూరలవాడితో బేరమాడినా నోటితోపాటు చేతులూ మాట్లాడేవి. చేతిలో గరిటె ఉంటే గరిటె కూడా మాట్లాడేది. ఆ చేతులతోనే ఆమె చేతి గుణింతం కనిపెట్టిందని ఇంటిల్లిపాదికీ గర్వం. కుడిచేతి వేళ్ళు హల్లుని చూపిస్తే, ఆ చేయి కదిలే తీరు అచ్చుని చూపిస్తుంది. పైకి లేస్తే ఒకటి, కిందికి దిగితే ఒకటి, చుట్టూ తిరిగితే ఇంకొకటి. అంతకుముందు ఒక్కో మాటకీ ఆపసోపాలు పడిన పిల్లలు దాంతో గలగలా చెప్పుకుపోయారు. దానికే హైదరాబాదులో పెద్ద పురస్కారం కూడా వచ్చింది.

ఆ సభ గురించి ఇంట్లో ఒక పాత వేళాకోళం ఉంది. చేతులు ఆడించకుండా ఒక్క మాట మాట్లాడలేని మనిషి ఆ రోజు వేదికెక్కి, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు మైకుని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదట. సభ చూసి బెదిరిపోయిందని శేషగిరిగారు ప్రతి పండక్కీ అనుకరించి చూపిస్తారు. అందరూ నవ్వుతారు. హైమత్త కూడా నవ్వుతుంది.

* * *

అత్త ఫొటో చూడగానే ముల్లు చివరిదాకా వెళ్ళి కొట్టుకుంది. "ఇది విరిగిపోయేట్టుంది మేడమ్" అని యూసుఫ్ నవ్వి, మీట నొక్కి, టీ తాగొస్తానని కిందికి వెళ్ళాడు.

ఏదో అవుతుందనుకుంది శర్వాణి. ఏమీ కాలేదు. తెర మీద ఒక ముసలావిడ ఫొటో ఉంది. ఆవిడ తనకి అన్నం తినిపించిందనీ జ్వరమొస్తే పక్కన కూర్చుందనీ గుర్తుంది. పక్కవీధిలో ఎవరింట్లోనో జరిగిన సంగతుల్లా గుర్తుంది. మంచిది, పని చేసుకోవచ్చు అనుకుంది.

నాన్న ఇచ్చిన పురస్కార సభ వీడియో పెట్టింది. చిన్నప్పట్నుంచీ చాలాసార్లు చూసిందే. చూసినప్పుడల్లా అత్త ముఖాన్నే చూసింది. ఇప్పుడు ఆ ముఖంలో ప్రత్యేకంగా చూడాల్సిందేమీ కనబడక, చూపు సభ మీదికి పోయింది. ముందు వరసలో నీలం చీర కట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. అందరూ మాట్లాడుతున్న మనిషి ముఖంకేసి చూస్తుంటే, ఆవిడ మాత్రం మైకు మీదున్న చేతులకేసి చూస్తోంది. ఒకసారి తన చెయ్యి కొద్దిగా పైకెత్తి, నాకేమీ తెలియడం లేదన్నట్టు వేళ్ళు విప్పింది. వేదిక మీదావిడ ఆ వైపు చూసింది. చూసి, మైకుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

శర్వాణి ఆ ముక్కని మళ్ళీ తిప్పి చూసింది. ఇది బెదురు కాదు. ఆ చేతులు కావాలనే కదల్లేదు. ఎందుకని? వ్యాసానికి ఆ సంగతి అవసరం. చెప్పగలిగిన మనిషి లాయర్‌పేటలో ఉంది. స్కూటీ తాళాలు తీసుకుని బయల్దేరింది.

గోడ మీది కాగితం ఆమెకి కనబడకపోలేదు. అది రాసింది తనే. కానీ సొంతమనిషి మనసు ఎక్కడ నొచ్చుకుంటుందో అన్న భయంతో రాసుకున్న మాట అది. ఆ భయం ప్రేమలో పుట్టిందే కదా. ప్రేమ నిద్రపోతే దాంతోపాటు జాగ్రత్తా నిద్రపోతుందన్న సంగతి, ఇంత తెలివిగా పట్టీ చేసినవాళ్ళకి తట్టలేదు.

* * *

హైమత్త వసారాలో గోంగూర వలుస్తోంది. మేనకోడల్ని చూడగానే రోజూ చేసినట్టే చూపుడువేలు బుగ్గ మీద ఆనించి మెలితిప్పింది. అది శర్వాణి సంజ్ఞ పేరు. బధిరులు మనుషులకి పెట్టుకునే పేర్లు అలాగే ఉంటాయి. శర్వాణికి బుగ్గన సొట్ట పడుతుంది కాబట్టి ఆమెకా పేరు. రోజూ అయితే ఆమె నవ్వుతూ, నుదుట పెద్ద బొట్టు దిద్దినట్టు వేలు తిప్పి అత్త పేరు తిరిగి చెబుతుంది. ఈ రోజు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సన్మానం రోజు మీ చేతులెందుకు కదల్లేదు?" అని అడిగింది.

హైమత్త చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. మాటలకంటే ముఖాలు చదువుతూ బతికిన మనిషి. ఎదురుగా ఉన్న ముఖాన్ని కాసేపు చదివింది. చెవి వెనక పట్టీని చూసింది.

"మీ నాయన చెప్పింది ఇదేనా? పెట్టుకుంటే సొంతోళ్ళు పరాయోళ్ళవుతారంటనే?"

"అవును."

"అయితే ఇప్పుడు నేనంటే నీకేం లేదు."

"లేదు. గంటయితే వస్తుంది."

అంతమాట ఆ పిల్ల నోట విన్న మనిషికి గుండె కలుక్కుమనకుండా ఉంటుందా? కలుక్కుమంది. కానీ హైమత్త లేచి లోపలికి పోలేదు. పళ్ళెం పక్కకి జరిపి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది.

"మంచిదేలే. నీ మామూలు మొహానికైతే ఇది చెప్పలేను. చెప్పబోయిన ప్రతిసారీ సగంలోనే పోన్లే అత్తా అనే మొహం అది. నాకు పోన్లే అనిపించుకోవాలని లేదు" అంది.

తర్వాత చెప్పుకొచ్చింది. నీలం చీరావిడ పేరు దయామణి. ఆ బడిలోనే చదువుకుని అక్కడే కుట్టు టీచరైన బధిర. హల్లులకి వేళ్ళ గుర్తులు హైమవతి కూర్చింది, నిజమే. కానీ పిల్లలు హల్లు చూపించి, మళ్ళీ అచ్చుకి ఇంకో గుర్తు వెతుక్కుని, ఈలోపు చెప్పదలచుకున్నది మరిచిపోయేవాళ్ళు. ఒక మధ్యాహ్నం దయామణి గుండీ కాజా కుడుతూ, హైమవతి చేయి పట్టుకుని సూదిని తిప్పినట్టు తిప్పింది. సూది పైకి లేస్తే గుడి, కిందికి దిగితే కొమ్ము, చుట్టుకుట్టు వేస్తే ఓత్వం. చేతి గుణింతంలో ఉన్న ప్రాణమంతా ఆ కదలికలే. అవన్నీ దయామణి కుట్లే. పురస్కారానికి బడివాళ్ళు పంపిన పేరు మాత్రం హైమవతిది ఒక్కదానిదే. కుట్టు టీచరుకి డిగ్రీ లేదు, మాట లేదు, ఎవరికీ ఆ పేరు తోచలేదు.

"నాకు తోచింది గదా. వేదిక మీద చెప్దామనే ఎక్కాను. అందరూ చప్పట్లు కొడతా ఉంటే నేనే కనిపెట్టానని నోటికొచ్చేసింది. చేతులు కదిపితే ఆమెకి అర్థమైపోద్ది. అందుకని మైకు పట్టుకున్నా" అంది హైమత్త.

తిరుగు రైల్లో ఏం మాట్లాడావని దయామణి అడిగిందట. అందరికీ కృతజ్ఞతలు చెప్పానంది హైమవతి. దయామణి తలూపి, బత్తాయి వలిచి సగం చేతిలో పెట్టింది. ఆ తర్వాత పోయేదాకా ఆ ఊసెత్తలేదు.

"ఆవిడకి తెలిసిందంటారా?" శర్వాణి అడిగింది.

"నా చేతులు ఊరికే ఉండటం ఆమె ఏనాడన్నా చూసిందా? తెలిసే ఉంటది."

"మీరు చెప్పింది కాకుండా వేరే ఆధారం కావాలి."

"బడిలో చదివినోళ్ళని అడుగు. చేతి గుణింతాన్ని వాళ్ళేమంటారో నీకు తెలుసు గదా."

శర్వాణికి తెలుసు. రెండు వేళ్ళతో దారం కొస పెదవుల మీద తడిపినట్టు చేసి, గాలిలో ఒక కుట్టు వేస్తారు. చిన్నప్పట్నుంచీ తనూ అలాగే అంటోంది. దారం తడపడం అంటే దయామణి సంజ్ఞ పేరని హైమత్త చెప్పింది. ఒంగోల్లో బధిరులందరూ దాన్ని దయామణి కుట్టు అనే పిలుస్తూ వచ్చారు. చెవులున్నవాళ్ళకే ఆ సంగతి తెలియలేదు. శర్వాణి అక్కడికక్కడే బడి పాత విద్యార్థుల బృందాన్ని వీడియోలో పిలిచి అడిగింది. ఒకరి తర్వాత ఒకరు, ఇందులో అడగడానికేముందన్నట్టు అదే సంజ్ఞ చేసి, దాన్ని నేర్పింది కుట్టు టీచరేనని చెప్పారు. వాళ్ళ అనుమతి తీసుకుని ఆ వీడియో ఆధారంగా జతచేసి, వ్యాసం రాసి లోకకోశానికి పంపేసింది. హైమత్త అంతసేపూ గోంగూర ముట్టుకోకుండా ఎదురుగా కూర్చునే ఉంది.

గంట నిండింది.

ముందు గోంగూర వాసన వచ్చింది. తర్వాత అత్త వేళ్ళు కనిపించాయి, ఆకు పసరుతో. ఆ వేళ్ళు తన జడ అల్లిన వేళ్ళు. ఆ తర్వాత అంతా ఒక్కసారిగా మీద పడింది. శర్వాణి కుర్చీలోంచి జారి అత్త కాళ్ళ దగ్గర కూలబడింది. ఏం చేశాను, నిన్ను మీరూ అన్నాను, నిన్ను ఆధారం అడిగాను అని వెక్కివెక్కి ఏడ్చింది. ఫోన్ తీసి రాసిందాన్ని వెనక్కి తీసుకోబోయింది. ఫోన్ తెర మీద ముల్లు అప్పటికే ఎర్రగీత దాటింది. తన రాతని తనే ముట్టుకోవడానికి వీల్లేకుండా పోయింది.

"ఏం రాశావో చదువు" అంది హైమత్త, ఆమె తల నిమురుతూ.

చదవలేక చదవలేక చదివింది. చేతి గుణింతంలోని కదలికలను రూపొందించినది దయామణి. హల్లుల గుర్తులను కూర్చి, ఈ పద్ధతిని తరగతిలో ప్రవేశపెట్టినది హైమవతి. పురస్కార సభలో హైమవతి ఇది తన సృష్టి అని చెప్పారు. దయామణి పేరు చెప్పలేదు.

"ఆ చివరిది మళ్ళీ చదువు."

"వద్దత్తా."

"చదవ్వే."

శర్వాణి చదువుతుంటే హైమత్త చేతులు లేచాయి. ఆ మాటల్ని సంజ్ఞల్లో, నెమ్మదిగా, ఎదుటి కుర్చీలో ఎవరో కూర్చుని చూస్తున్నట్టు చెప్పాయి. ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

* * *

శేషగిరిగారు ఇంతెత్తున లేచారు. చెల్లని ముల్లు, చెల్లని యంత్రం అని తిట్టారు. మేనత్త పరువు బజారుకీడ్చావని కూతురితో మాట్లాడటం మానేశారు. ఎనభయ్యో పుట్టినరోజున అందరూ చేరినప్పుడు కూడా ముఖం ముడుచుకునే కూర్చున్నారు. హైమత్త ఆయన్ని పక్కకి పిలిచి, తమ్ముడూ, నువ్వు మైకు అనుకరణ ఇంకెప్పుడూ చెయ్యమాకు అని మాత్రం అంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్ని పండగల్లో అక్కని నవ్విస్తున్నాననుకుని ఏడిపించారో ఆయనకి అప్పుడు తెలిసింది.

లోకకోశంవాళ్ళు ఆలోచించి, హైమవతికి విడిగా వ్యాసం అక్కర్లేదు, శర్వాణి పంపినదాన్ని చేతి గుణింతం వ్యాసంగా మారిస్తే ఆమె సంగతి అందులోనే సరిపోతుందన్నారు. దయామణికి మాత్రం విడిగా వ్యాసం కావాలన్నారు. అది నేనే రాస్తానని హైమత్త ఆటో ఎక్కి ప్రయోగశాలకి వచ్చింది. పట్టీ పెట్టి దయామణి ఫొటో చూపిస్తే ముల్లు చివరిదాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. యూసుఫ్ మొహమాటంగా మీట చూపించాడు. గంటసేపే కదమ్మా అన్నాడు.

హైమత్త పట్టీ తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఆమెని ఒకసారి పక్కనబెట్టాను బాబూ. అది చాలు."

అందుకని రాసే పని శర్వాణి మీద పడింది. పట్టీ పెట్టుకుని అదే ఫొటో చూస్తే ముల్లు కదలనైనా లేదు. చిన్నప్పుడు అత్త ఇంటికి వచ్చిపోయే ఒక కుట్టావిడ, అంతకంటే ఏమీ గుర్తులేదు. ఇంట్లో ఎవరైనా ఆవిడ గురించి మాట్లాడితేగా గుర్తుండటానికి. ఇక మీట నొక్కాల్సిన అవసరమే లేదు. రోజూ సాయంత్రం హైమత్త వచ్చి చెబుతుంటే శర్వాణి రాసింది. దయామణి పొట్టివాళ్ళకి పొడుగ్గా కనబడేలా జాకెట్లు కుట్టేదని రాసింది. తప్పు కుట్టు వేసిన పిల్లని కోప్పడకుండా తనే విప్పి కూర్చునేదని రాసింది. ఆధారం దొరికినవి ఉంచింది, దొరకనివి తీసేసింది. తీసేస్తుంటే చెయ్యి రాలేదు కానీ, ముల్లు మాత్రం ఎర్రగీతకి ఇవతలే ఉంది.

చివరికి పేర్ల సంగతి వచ్చింది. బడిలో సగంమంది పిల్లలకి సంజ్ఞ పేర్లు పెట్టింది దయామణే అని హైమత్త చెప్పింది. శర్వాణి అది రాస్తూ, పెద్దగా ఆలోచించకుండా, "నాకు మాత్రం నువ్వు పెట్టావు" అంది.

"నేనెట్టా పెడతానే? నాకు చెవులున్నాయి గదా" అంది హైమత్త.

శర్వాణి తలెత్తి చూసింది.

"సంజ్ఞ పేరు బధిరులే పెట్టాలి. చెవులున్నోళ్ళు పెట్టుకుంటే అది పేరు కాదు. నీకప్పుడు మూడో ఏడు. ఆమె నీకు గౌను కుడతా ఉంది. అంత తొందరగా పేరు పెట్టే రకం కాదు ఆమె, మనిషిని చూసి చూసిగానీ పెట్టదు. ఆ రోజు నువ్వు నేల మీద కూర్చుని దారపుండలతో ఆడుకుంటన్నావు. కుట్టడం ఆపేసి నిన్నే చూస్తా కూర్చుంది. నువ్వు నవ్వావు. సూది పక్కనబెట్టి వచ్చి, నీ బుగ్గ మీద ఇట్టా వేలు పెట్టింది."

హైమత్త శర్వాణి బుగ్గ మీద వేలు ఆనించి మెలితిప్పింది. ఎన్నో ఏళ్ళుగా రోజూ చూస్తున్న సంజ్ఞే. ఇన్నాళ్ళూ తనని పిలిచినవాళ్ళందరూ ఆవిడ పెట్టిన పేరుతోనే పిలిచారు.

యూసుఫ్ తెరకేసి చూశాడు. ముల్లు లేచింది. ఒక్క క్షణం ఆగి, ఎర్రగీత దాటి, చివరిదాకా వెళ్ళి ఆనుకుంది. వ్యాసం తలుపు మూసుకుంది.

"మేడమ్, ఇక మీరు రాయడానికి వీల్లేదు. మీట నొక్కమంటారా?" అన్నాడు.

శర్వాణి చెవి వెనక చెయ్యి అడ్డం పెట్టుకుని వద్దంది. మిగిలిన నాలుగు మాటలు నువ్వు రాసెయ్, నీకు ఆవిడ ఎవరూ కాదు కదా అని కుర్చీ అతనికిచ్చి లేచింది. లేచేముందు తన వంతుగా లోకకోశం పూరించనిచ్చే గడి ఒకటి మిగిలి ఉంది. పక్కకి తప్పుకునే ప్రతివాళ్ళూ కారణం చెప్పాల్సిన గడి. వ్యాసంలోని వ్యక్తితో మీకు గల సంబంధం ఏమిటి అని అడుగుతోంది అది. దానికెదురుగా శర్వాణి, నాకు పేరు పెట్టింది, అని రాసింది.